పగలని ఉండలు

ఈ వ్యవహారంలో తెలివితక్కువవాడెవడో ముందే చెప్పేస్తే నాకు మనసు తేలికవుతుంది. ఏడుకొండలు కాదు. బోటనీలో డిగ్రీ చేసి, పదిహేడేళ్ళుగా హైస్కూలు పిల్లలకు గింజ ఎలా మొలుస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతున్న నేను. ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ ఏడుకొండలును చూసే నవ్వుతారు. నన్ను చూసి నవ్వాలని ఒక్కడికీ తోచలేదు. సారును కదా మరి.

నేను గిద్దలూరు మనిషిని. ఉద్యోగం తర్లుపాడు మండలంలోని ఈ ఊరికి తెచ్చి పడేసింది, ఇక్కడే ఉండిపోయాను. ఏడుకొండలు ఇల్లు బడికి వెళ్ళే దారిలోనే ఉంటుంది. వచ్చిన కొత్తలో ఆయన అరుగు మీద ఎప్పుడు చూసినా మట్టి ఉండలు వరసలుగా ఆరుతూ కనిపించేవి. నిమ్మకాయంత ఉండలు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపెట్టలేం. ఏదో మొక్కు కాబోలు అనుకుని చాలా రోజులు దండం పెట్టుకోబోయి ఊరుకున్నాను. ఒకరోజు బండి ఆపి అడిగాను.

"వడిసెల ఉండలు సారూ. పిట్టలకు," అన్నాడు.

రెండు తాళ్ళ మధ్య అరచేయంత అల్లిక, దాంట్లో రాయి పెట్టి తల చుట్టూ గిర్రున తిప్పి ఒక తాడు వదిలేస్తారు, అదే వడిసెల. జొన్న చేలమీద వాలే చిలకలను మంచె మీద నిలబడి దాంతో తోలతారు. తోలే వాళ్ళంతా చేతికందిన రాయి విసురుతారు. ఉండలు చేసుకుని విసిరేవాణ్ణి ఏడుకొండలునే చూశాను.

"ఈ ఊళ్ళో రాళ్ళకు కరువొచ్చిందా పెద్దాయనా?" అన్నాను వెటకారంగా. పలకల రాయి తప్ప ఇంకేమీ పండని నేల ఇది.

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "రాయి దేవుడు చేసింది సారూ. ఒగటి కోడిగుడ్డు మాదిరి ఉంటది, ఇంగొగటి వంకాయ మాదిరి ఉంటది. ఒగటి కుడికి పోతది, ఇంగొగటి యాడికి పోతదో దానికే తెలీదు. ఉండ నేను చేసింది. నేను చెప్పిన తావుకే పోతది."

అలా మొదలైంది మా స్నేహం. ఆదివారాలు ఆయన అరుగు మీద కూర్చుని ఉండలు తయారయ్యే తీరు చూడటం నాకు అలవాటైంది. చెరువు ఎండిన వేసవిలో అడుగునుంచి ఒండ్రుమట్టి తెస్తాడు. జల్లెడ పట్టి, మార్కాపురం పలకల మిషన్ల కింద రాలే బూడిదరంగు పొడి అందులో కలుపుతాడు, బరువు కోసం. సన్నగా తరిగిన మేక వెంట్రుకలు, పులిసిన గంజి వేసి కాలితో తొక్కుతాడు. అరచేతుల మధ్య ఒక్కో ఉండను చుట్టేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుంటాడు. ఎందుకని అడిగితే, కన్ను అబద్ధం చెబుతుంది, చెయ్యి చెప్పదు అన్నాడు. నీడలో ఐదు రోజులు, ఎండలో ఐదు రోజులు ఆరబెట్టి, చివరికి పెరట్లో పిడకల దాలి పేర్చి మెల్లని సెగలో కాలుస్తాడు. చల్లారాక రెండు ఉండలు తీసుకుని చెవి దగ్గర ఒకదానితో ఒకటి తట్టుకుంటాడు. టంగుమంటే అది ఉండ. తప్పుమంటే తప్పించేస్తాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది కోత తరువాతి పని. జొన్న కోసి చేను ఖాళీ అయ్యాక బుట్ట పట్టుకుని తిరిగి, విసిరిన ఉండలన్నీ ఏరుకొస్తాడు. బాగున్నవి కడిగి పక్కన పెట్టుకుంటాడు. బీటలిచ్చినవి రోట్లో దంచి, జల్లించి, కొత్త మట్టిలో కలిపి మళ్ళీ ఉండలు చేస్తాడు. "ఇందులో మా పెళ్ళయిన ఏడాది ఇసిరిన ఉండ గూడ ఉండాది సారూ," అని ఒకదాన్ని నా చేతిలో పెట్టాడొకసారి. ఏ ఉండలో ఏ ఏడాది మట్టి ఉందో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? అయినా నేను దాన్ని జాగ్రత్తగానే పట్టుకున్నాను. అది చేతిలో ఉంటే చాలు, ఏదో గురిచూసి విసరాలనిపించేది. నాలాంటి పుస్తకం పురుగుకు కూడా.

వడిసెల మాత్రం ఆయన చేసింది కాదు. మేకబొచ్చు, జనుము కలిపి వాళ్ళ నాయన అల్లింది. చెమటకు నల్లబడి తోలుబెల్టులా అయిపోయింది. తలుపు వెనక మేకుకు వేలాడుతుండేది. ఇంట్లో దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు.

రెండేళ్ళ క్రితం ఆయన కొడుకు మోహన్ చేలోకి బ్యాటరీ మైకు కొనుక్కొచ్చాడు. ఇప్పుడు ఈ ప్రాంతంలో ఏ చేలో చూసినా అదే. మనిషి కేకలు రికార్డు చేసి పెడితే రోజంతా అదే అరుస్తుంటుంది. మోహన్ తండ్రినే నిలబెట్టి, "నాయనా, ఒగసారి గట్టిగా అరువు," అని ఫోన్లో రికార్డు చేశాడు. "ఇంగ నువ్వు మంచె ఎక్కే పనిలేదు, ఇంట్లో కూర్చో," అన్నాడు. వాడు ప్రేమగానే అన్నాడు. కానీ ఏడుకొండలు అరుగు మీద కూర్చుని ఉండగా, చేలోనుంచి ఆయన గొంతే "హోయ్... హోహోయ్..." అని పొద్దస్తమానం వినపడేది.

"నేను ఈడ కూర్చోనుంటే ఆడ అరిచేదెవురు సారూ?" అని అడిగాడు నన్ను. నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగాను. నిజంగానే అయోమయంలో ఉన్నాడు.

చేలో పని పోయినా ఉండలు చెయ్యడం మానలేదు. ఎవరికోసమో తెలియదు. అరుగు నిండింది, అటక నిండింది, బియ్యం డబ్బాలు నిండాయి. పుల్లమ్మ, అంటే ఆయన భార్య, ఒకరోజు నాతో మొరపెట్టుకుంది. "సారూ, మంచం కింద గూడ అయ్యే. కాలు జారి పడితే నా నడుము ఇరుగుతది. నువ్వన్నా చెప్పు."

సరిగ్గా అప్పుడే బడికి అటవీశాఖ నుంచి కబురొచ్చింది. మా ఊరి వెనక బోడిగుట్ట మీద విత్తన బంతులు చల్లాలట. మట్టిలో గింజ పెట్టి ఉండ చేసి, వానలకు ముందు గుట్టల మీద వేస్తే, అది నాని కరిగి మొక్క మొలుస్తుంది. పిల్లలతో చేయించాను. రెండు గోతాలు నింపి ట్రాక్టరులో ఎక్కించేసరికి సగం పొడి పొడి అయిపోయాయి. సెక్షన్ ఆఫీసర్ సంజీవరావు గోతంలో చెయ్యి పెట్టి పిండి తీసి, "ఏం మాస్టారూ, సున్నిపిండి చేయించారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పిల్లల ముందు అన్నాడు కదా.

బండి తిప్పుకుని నేరుగా ఏడుకొండలు దగ్గరికి పోయాను. ఆ కోపంలో ఏం చెప్పానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "పెద్దాయనా, మట్టి ఉండలు కావాలి. లోపల గింజ పెట్టాలి. గోతంలో వేసినా, గుట్ట మీద బండకు కొట్టినా పగలకూడదు. నీ ఉండల్లాగా ఉండాలి."

నీ ఉండల్లాగా ఉండాలి. ఇదీ నేను అన్నమాట.

ఏడుకొండలు లేచి నిలబడ్డాడు. భుజం మీద తుండుగుడ్డ తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. "గుట్ట మీదికి ఎవురు ఇసురుతారు?"

"నువ్వే."

"ఆ కొసనున్న బండల మీదికి మనిషి ఎక్కలేడు."

"అందుకే నువ్వు."

ఆయన లోపలికి పోయి తలుపు వెనక వడిసెలను తడుముకుని వచ్చాడు. అంత సంతోషం ఒక మనిషి ముఖంలో అంతకుముందు నేను చూడలేదు.

పదిహేను రోజుల్లో చేశాడు. కానుగ, చింత, వేప, సీతాఫలం గింజలు మేమే ఇచ్చాం. ఒక్కడివల్ల కాక పుల్లమ్మను కూర్చోబెట్టుకున్నాడు. ఆమెకు పొయ్యి మీద ఎసరు, దొడ్లో మేకలు, మధ్యలో ఈ మట్టి. సంగటి ముద్ద చేసినట్టు రెండు తిప్పులు తిప్పి కింద పెట్టేది. అవి ఆరక ముందే నెర్రెలిచ్చేవి. ఏడుకొండలు ఒక్కోటి తీసి బొటనవేలితో నొక్కేవాడు, అది విచ్చుకునేది.

"నలభై ఏండ్లు నా పక్కన కూర్చోని గూడ ఉండ చుట్టేది నేర్చకపోతివి గదే," అనేవాడు.

"నాకు రాదులేయ్యా. నువ్వుండావు గదా," అనేది ఆమె.

ఆమె చేసినవన్నీ బుట్టకెత్తి, కాల్చడానికి కూడా పనికిరావని, మేకలదొడ్డి వెనక చెత్తకుప్పలో పోశాడు. నేను ఉన్నప్పుడే పోశాడు. నాక్కూడా అది సబబుగానే తోచింది.

పూర్తయిన ఉండలు చూపించిన రోజు నేను చెవి దగ్గర తట్టి చూశాను. టంగుమంది. పలకలపొడి కలిసి నల్లగా నిగనిగలాడుతున్నాయి. మజ్జిగ తాగి, ఆయన భుజం తట్టి వచ్చేశాను. ఎలా చేశావని అడగలేదు. అడగడానికేముంది, అన్ని ఆదివారాలు చూశాను కదా!

ఆరుద్ర కార్తెలో గుట్ట కింద ఊరంతా చేరింది. ఏడుకొండలు కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. మొదటి ఉండ వడిసెలలో పెట్టి తల చుట్టూ మూడు తిప్పులు తిప్పి వదిలితే అది కొస బండల మధ్య పొదలోకి దూసుకుపోయింది. ఎవరో ఈల వేశారు. "ఆ రెండు బండల సందులోకి," అనేవాడు, అక్కడికే వెళ్ళేది. "ఆ ఎండిన రేగుచెట్టు మొదట్లోకి," అనేవాడు, అక్కడికే. సంజీవరావు ఫోన్ తీసి వీడియో పట్టాడు. మోహన్ కూడా వచ్చి నిలబడి చూశాడు. తండ్రి విసురుడు వాడు అంత శ్రద్ధగా ఎన్నడూ చూసి ఉండడు.

ఆ సాయంత్రం పోలమ్మ టీ బంకు దగ్గర జరిగింది అసలు ప్రమాదం. ఎవడో కదిలించాడు. "మామా, మట్టిగడ్డలు ఇసిరితే అడవి అవుతదా?" అని. ఏడుకొండలు టీ గ్లాసు బల్ల మీద ఠంగున పెట్టి, "వినాయక చవితి లోపల గుట్ట మీద మొలకలు రాకపోతే, మా నాయన వడిసెల నా చేత్తోనే పొయ్యిలో పెడతా," అన్నాడు.

అందరూ విన్నారు. పోలమ్మ కూడా, "అంత మాట ఎందుకు అన్నా," అంది. అన్నాక ఏముంది? ఆయన మాట తప్పే రకం కాదు. ఒకసారి సుబ్బరంగా బాగున్న కాడెద్దును మాటకోసం ఇచ్చేసిన మనిషి.

వానలు పడ్డాయి. ఈ పడమటి మండలాల్లో అంత చక్కగా పడటమే ఒక వింత. గట్ల మీద గడ్డి లేచింది, రోడ్డు పక్క తుమ్మలు కూడా చిగిర్చాయి. బోడిగుట్ట మాత్రం బోడిగానే ఉంది.

మొదటివారం ఏడుకొండలు, "చీమలు తిన్నాయి," అన్నాడు. చీమల పుట్టలు చూడటానికి పోయాడు. ఉండకు చీమ పట్టిన గుర్తు లేదు. రెండోవారం కౌజుపిట్టలను అనుమానించాడు. మంచె మీద చిలకలను కాసినట్టు రెండు రోజులు బండ మీద కూర్చుని కాశాడు. పిట్ట వాలలేదు. తరువాత గింజలమీదికి పోయింది అనుమానం. "మీరిచ్చినయి ముసలి ఇత్తనాలేమో సారూ?" అన్నాడు. కాదని ఒట్టు పెట్టాను. ఆ పై శుక్రవారం గుమ్మడికాయతో గుట్టకు దిష్టి తీశాడు. గుట్టకు దిష్టి తీసినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

నా తెలివి నేనూ చూపించాలి కదా. "కొన్ని విత్తనాలకు సుప్తావస్థ అని ఉంటుంది పెద్దాయనా. నిద్రలాంటిది," అని పాఠం చెప్పాను.

ఆయన తల గోక్కున్నాడు. "అన్నీ ఒగేసారి నిద్రపోతాయా సారూ?"



ఒకరోజు స్టాఫ్‌రూముకే వచ్చాడు. తుండుగుడ్డ మూటలోంచి ఒక ఉండ తీసి బల్ల మీద పెట్టాడు. గుట్ట మీద నుంచి ఏరుకొచ్చింది. "మూడు వానలు తిన్నది సారూ. చూడు, గీత పడలే," అన్నాడు. గొంతులో గర్వం దాగలేదు. వెంటనే ముఖం మాడిపోయింది. "పైన ఇంత బాగుండాది. లోపల ఏం రోగం?"

ప్రయోగం చేద్దామన్నాను. గాజుగ్లాసులో నీళ్ళు పోసి అందులో ఉండను వేసి కిటికీలో పెట్టాను. మూడు రోజులు చూశాం. నీళ్ళకు మట్టిరంగు కూడా రాలేదు. ఎంత బాగా చేశాడు అనుకున్నానే గాని, కరగని మట్టిలోకి నీరు ఎలా పోతుంది, మొలక ఎలా బయటికి వస్తుంది అని నా బుర్రకు తట్టలేదు. అందులో మొలవాల్సిన గింజ ఉందన్న సంగతే మరిచిపోయి, ఆయన పనితనం చూసి మురిసిపోతూ కూర్చున్నాను. గ్లాసు చుట్టూ ఇద్దరం తలలు పట్టుకుని నిలబడటం అటెండరు చూసి, "ఏంది సారూ, గుడ్డు పొదుగుతాండారా?" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఇంకో వింత. పుల్లమ్మ మేకలదొడ్డి వెనక చెత్తకుప్ప చుట్టూ ముళ్ళకంప పెట్టింది.

"చెత్తకు కంప ఎందుకే?" అన్నాడు ఏడుకొండలు.

"మేకలు తింటాండాయి."

"మేకలు చెత్త తినేది ఈరోజు కొత్తనా?"

"కొత్తనో పాతనో. నువ్వు పోయి గుట్ట కాడ చూసుకోపో."

ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఇద్దరికీ గుట్ట తప్ప ఇంకేదీ కనిపించని రోజులవి. రాత్రి అన్నం కూడా సరిగా తినడంలేదని ఆమె నాతో చెప్పింది. మేకుకున్న వడిసెలను తీసి, కాసేపు ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ తగిలిస్తున్నాడట.

చవితి ఇంకా నాలుగు రోజులుందనగా సంజీవరావు మొలకల లెక్క చూడటానికి వచ్చాడు. ముగ్గురం గుట్ట ఎక్కాం. వెనకాల మోహన్, ఇంకో పదిమంది. సంజీవరావుకు మోకాళ్ళ నొప్పి, అయినా పాపం సగందాకా ఎక్కాడు. ఒక్క మొలక లేదు. ఒక పొద కింద ఉండ కనపడితే తీసి చేత్తో నలిపాడు. నలగలేదు. రెండు చేతులతో నలిపాడు. చివరికి బండ మీద పెట్టి రాయితో కొట్టాడు. మూడో దెబ్బకు పగిలింది.

లోపల కానుగ గింజ బొగ్గులా ఉంది. గోటితో తాకితే పొడి రాలింది.

"కాల్చారా?" అన్నాడు సంజీవరావు.

"కాల్చకపోతే ఉండ ఎట్లయితది సార్?" అన్నాడు ఏడుకొండలు. "అది మట్టిముద్ద గదా."

ఎవరూ నవ్వలేదు మొదట. తరువాత వెనకనుంచి ఒకడు మొదలుపెట్టాడు, అది పాకింది. ఏడుకొండలు పగిలిన ఉండ ముక్కలను చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఇంకా అర్థం కానట్టే ఉంది. ముక్క తీసి అంచు తడిమి చూశాడు. లోపలిదాకా ఒకే రంగు, బాగా కాలింది. ఇంతకంటే మంచి ఉండ ఉండదు. మరి తప్పెక్కడ జరిగింది?

ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. గట్టిగా ఉండాలని ఈ సారే అన్నాడు అని ఒక్క మాట చెబితే చాలు, ఆ నవ్వు నా మీదికి మళ్ళేది. చెప్పలేదు. నేనైనా చెప్పొచ్చు కదా! నోరు తెరవలేదు. బోటనీ మాస్టారును, కాల్చిన గింజ మొలవదని పిల్లలకు చెప్పేవాణ్ణి, తల వంచుకుని చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. ఇది రాయడం అందుకే.

ఏడుకొండలు గుట్ట దిగి నేరుగా ఇంటికి నడిచాడు. వెనకే మేమంతా. ఏం చెయ్యబోతున్నాడో అందరికీ తెలుసు. తలుపు వెనకనుంచి వడిసెల తీసుకుని, వాకిట్లో పొయ్యి దగ్గరికి వచ్చాడు. పుల్లమ్మ సంగటి గెలుకుతోంది. మోహన్ అడ్డం పోయి, "నాయనా, ఎవురో ఏదో అన్నారని... వద్దు నాయనా," అన్నాడు. ఏడుకొండలు వాణ్ణి పక్కకు జరిపాడు.

పుల్లమ్మ తెడ్డు ఆపకుండానే అంది. "పెట్టు. పెట్టినాక నా ఉండలు గుట్ట మీదికి ఎట్ల తీసకపోతావు? నోట్లో పెట్టుకోనా?"

"నీ ఉండలేంది?"

"దొడ్డెనక్కి పోయి చూడు."

ఆయన కదల్లేదు. ఆమె గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మేం వెంటపడ్డాం. చెత్తకుప్ప చుట్టూ పెట్టిన కంపను ఆమె కాలితో పక్కకు తోసింది.

కుప్ప మీద అడుగు సందు లేకుండా మొలకలు. కానుగ లేతాకులు ఎర్రగా మెరుస్తున్నాయి. చింత మొలకలు జానెడు లేచాయి. వేప, సీతాఫలం వాటి మధ్య తోసుకుంటున్నాయి. విచ్చుకుపోయిన మట్టి ఉండలు ఇంకా అక్కడక్కడ వేర్ల దగ్గర అతుక్కుని ఉన్నాయి.

"ఎవురు ఇత్తినారు?" అన్నాడు ఏడుకొండలు.

"నువ్వే పోస్తివి గదా, పనికిరావని."

"ముందే చెప్పొచ్చు గదే!"

"అడిగినావా? మీ ఇద్దరూ రోజూ గుట్ట మీద ఎతుకుతాంటిరి. చదువుకున్న సారు గూడ ఉండె. గుట్ట మీద గూడ వస్తాయిలే, ఎనకా ముందు అయితదిలే అనుకుంటి. గింజను కాలిస్తే మొలుస్తదా అని నేను ఆరోజే అంటి. నీకేం తెల్సే అంటివి, నాకే తెలీదేమోలే అని ఊరుకుంటి."

సంజీవరావు వంగి ఒక మొలక మొదట్లో మట్టి వేలితో నొక్కి చూశాడు. మెత్తగా విడిపోయింది. "ఇదమ్మా కావాల్సింది. ఇట్లాంటివి చేసిస్తావా?" అని పుల్లమ్మనే అడిగాడు. ఏడుకొండలును అడగలేదు.

అప్పుడు నా నోరు పెగిలింది. గట్టిగా ఉండాలని చెప్పింది నేనే అని అందరి ముందూ అన్నాను. ఆలస్యంగానే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు, అందరూ మొలకలు చూస్తున్నారు. ఏడుకొండలు మాత్రం విని, "పోనీలే సారూ, నీకు యాడ తెల్సు ఉండల సంగతి," అన్నాడు. నన్ను ఓదార్చాడు!

వడిసెల ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "మాట అంటి గదే. గుట్ట మీద మొలకలు రాలే," అన్నాడు మెల్లగా.

"చవితికి ఇంగ నాలుగు దినాలు ఉండాది గదా. ఈ మొలకలు పెరికి గుట్ట మీద నాటితే గుట్ట మీద ఉన్నట్టు గాదా?" అంది పుల్లమ్మ. "నాటుదాం పా. ఇంగ నేను చేసే ఉండలు ఇసరాల గదా, దాన్ని మేకుకు తగిలియ్."

మూడు రోజులు ఊళ్ళో సగంమంది నాటారు. మోహన్ తట్ట మోశాడు. అది మాట నిలబెట్టుకోవడం అవుతుందో కాదో పోలమ్మ బంకు దగ్గర ఇప్పటికీ తెగలేదు. వడిసెల మాత్రం మేకుకే ఉంది.

మొన్న ఆదివారం వెళ్ళాను. కొత్త ఉండలు చేస్తున్నారు. ఈసారి పుల్లమ్మ పీట మీద కూర్చుంది, ఏడుకొండలు కింద కూర్చున్నాడు. నాకూ ఇంత మట్టి ఇచ్చారు. నేను చుట్టింది వంకర టింకరగా, వేళ్ళ అచ్చులతో ఉంది. పుల్లమ్మ దాన్ని చూసి, "సారుది బాగుండాది," అని మంచి బుట్టలో వేసింది.

ఏడుకొండలు కళ్ళు మూసుకుని చుట్టాడు. చెయ్యి ఊరుకోదు కదా. నున్నగా, గుండ్రంగా, కొలిచినట్టు వచ్చింది. ఆమెకు అందించాడు. ఆమె బొటనవేలితో నొక్కింది. చెక్కుచెదరలేదు.

"ఇంగా గట్టిగా ఉండాది," అని దాన్ని వెనక్కి చూడకుండానే మేకలదొడ్డి వైపు విసిరేసింది.

ఆయన అది పడ్డ వైపు చూశాడు, నా వైపు చూశాడు. మళ్ళీ ఇంత మట్టి తీసుకుని, ఈసారి కళ్ళు తెరిచి, ఆమె చేతులకేసి చూస్తూ మొదలుపెట్టాడు.